సాయం సొమ్ము ఎక్కడ ఆగింది? పెట్టుబడి సాయం అర్హతను, చెల్లింపు స్థితిని రైతు స్వయంగా తెలుసుకునే విధానం

2025 ఆగస్టు 2వ తేదీన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి 20వ విడత వారణాసి నుండి విడుదలయింది. దేశవ్యాప్తంగా సుమారు 9.7 కోట్ల మంది రైతులకు 20,500 కోట్ల రూపాయలు జమయ్యాయి. అదే రోజున ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్నదాత సుఖీభవ పథకాన్ని ప్రారంభించింది. కేంద్రం వాటా 2,000, రాష్ట్రం వాటా 5,000, వెరసి 7,000 రూపాయలు ఒకే రోజున రైతు ఖాతాకు చేరవలసి ఉండగా, కొందరికి రెండూ చేరాయి, కొందరికి ఒకటే చేరింది, మరికొందరికి ఏదీ చేరలేదు. ప్రతి విడత తరువాత రైతు సేవా కేంద్రాల వద్ద, మండల వ్యవసాయ అధికారి కార్యాలయం వద్ద, బ్యాంకు కౌంటర్ల వద్ద వినిపించే మాట ఒక్కటే: "డబ్బులు పడలేదు".

ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. రైతుకు అసలు అర్హతే లేకపోవడం ఒకటి. అర్హత ఉన్నా ఏదో ఒక దశలో దస్త్రం ఆగిపోవడం రెండవది. సొమ్ము జమయినా అది రైతు ఎదురు చూడని ఖాతాలో పడి ఉండడం మూడవది. వీటికి పరిష్కారాలు వేరు, వెళ్ళవలసిన కార్యాలయాలు వేరు. ఏది జరిగిందో తెలియక బ్యాంకు నుండి మండల కార్యాలయానికి, అక్కడి నుండి తహసీల్దారు వద్దకు తిరిగే రైతు కోల్పోయేది కూలి, బస్సు ఛార్జీలు మాత్రమే కాదు. నాట్ల సమయంలో రెండు మూడు రోజులు పొలానికి దూరమైతే కలిగే నష్టం కొన్నిసార్లు ఆ విడత సొమ్ముకు మించి ఉంటుంది. సొమ్ము ఎక్కడ ఆగిందో ప్రభుత్వ దస్త్రంలో దాదాపు ఎప్పుడూ నమోదై ఉంటుంది. ఆ వివరాన్ని రైతు తన ఫోనులోనే చూసుకునే వీలున్నది. చూసిన దానిని ఎలా అర్థం చేసుకోవాలన్నదే అసలు సమస్య.

పథకాలు, వాటి పేర్లు

పీఎం కిసాన్ పథకం 2018 డిసెంబరు 1 నుండి వర్తించేలా 2019 ఫిబ్రవరి 1 నాటి తాత్కాలిక బడ్జెట్టులో ప్రకటించబడింది. ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభమయింది. ఏడాదికి 6,000 రూపాయలు, ఏప్రిల్ నుండి జులై, ఆగస్టు నుండి నవంబరు, డిసెంబరు నుండి మార్చి అనే మూడు కాలాలకు 2,000 చొప్పున అందుతాయి. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న కుటుంబాలకే పరిమితమైన ఈ సాయాన్ని 2019 జూన్ నుండి విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా భూమి గల రైతు కుటుంబాలన్నింటికీ వర్తింపజేశారు. అప్పటి నుండి మొత్తం మాత్రం మారలేదు. దీనిని 12,000కు పెంచాలని పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం 2024 డిసెంబరులో సిఫార్సు చేసింది.

తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతు బంధు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు ఇచ్చింది, 2019 వానాకాలం నుండి 5,000కు పెరిగింది. 2025 జనవరి 26 నుండి దాని స్థానంలో రైతు భరోసా పేరుతో ఎకరాకు సీజనుకు 6,000, అంటే ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15న మొదలైన పథకం పేరు కూడా రైతు భరోసాయే కావడం సరిహద్దు మండలాలలో కొంత గందరగోళానికి తావిచ్చింది. అది కేంద్ర వాటాతో కలిపి ఏడాదికి 13,500 రూపాయలు. ప్రస్తుత అన్నదాత సుఖీభవలో రాష్ట్ర వాటా 5,000, 5,000, 4,000 చొప్పున మూడు విడతలలో 14,000, కేంద్ర వాటా 6,000, మొత్తం 20,000 రూపాయలు.

ఇక్కడ గుర్తించవలసిన తేడా ఒకటున్నది. తెలంగాణ సాయం ఎకరాల లెక్కన పట్టాదారుకు చేరుతుంది. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కుటుంబం లెక్కన చేరుతాయి. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ వేర్వేరు పాసుపుస్తకాలు ఉంటే తెలంగాణలో ఇద్దరికీ వారి వారి విస్తీర్ణం మేరకు సాయం వస్తుంది. పీఎం కిసాన్‌లో మాత్రం ఒక్కరికే వస్తుంది. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వలన "ఆ పథకంలో వచ్చింది, ఈ పథకంలో ఎందుకు రాలేదు" అనే ఫిర్యాదులు పుడుతున్నాయి.

అర్హతను నిర్ణయించేవి

పీఎం కిసాన్ నిబంధనలలో కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. పెళ్ళయిన కుమారుడు అదే ఇంట్లో, అదే పొయ్యి మీద వండుకుంటున్నప్పటికీ అతని పేరున భూమి ఉంటే అతనిది వేరే కుటుంబం. ఉమ్మడి ఖాతాలో నలుగురు అన్నదమ్ముల పేర్లు ఉంటే, ఇతర అర్హతలు ఉన్న ప్రతి కుటుంబానికీ 6,000 వస్తాయి. రెండు మూడు గ్రామాలలో భూములున్న ఒక రైతుకు అన్నీ కలిపి ఒకేసారి లెక్కిస్తారు. భూమి పట్టణ పరిధిలో ఉన్నా సాగులో ఉంటే అర్హమే. ఇళ్ళ స్థలాలుగా, ఇతర వ్యవసాయేతర అవసరాలకు మారిన భూమి అర్హం కాదు.

భూ యాజమాన్యానికి 2019 ఫిబ్రవరి 1 గడువు తేదీ. ఆ తరువాత కొనుగోలు, దానం వంటి మార్గాలలో భూమి పొందినవారికి ఈ పథకం వర్తించదు. పట్టాదారు మరణం వలన వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రమే మినహాయింపు ఉన్నది. ఈ నిబంధన కాగితం మీది మాటగానే మిగిలిపోలేదు. గడువు తేదీ తరువాత భూమి పొందినవారు, ఒకే కుటుంబంలో ఒకరికి మించి లబ్ధి పొందుతున్నవారు అనే అనుమానం ఉన్న ఖాతాలను కేంద్ర వ్యవసాయ శాఖ 2025లో గుర్తించి, భౌతిక తనిఖీ పూర్తయ్యే వరకు చెల్లింపులు నిలిపివేసింది. తండ్రి బ్రతికి ఉండగానే కుమారునికి గిఫ్టు దస్తావేజు రాసి ఇచ్చిన కుటుంబాలు మన జిల్లాలలో చాలా ఉన్నాయి. వారిలో కొందరు ఇప్పుడు ఈ జాబితాలో కనిపించడానికి కారణం ఇదే.

మినహాయింపుల జాబితా పెద్దదే. సంస్థాగత భూ యజమానులు, రాజ్యాంగ పదవులలో ఉన్నవారు, గతంలో ఉన్నవారు, మంత్రులు, పార్లమెంటు, శాసనసభ, శాసనమండలి సభ్యులు, మేయర్లు, జిల్లా పరిషత్ అధ్యక్షులు అనర్హులు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు, స్థానిక సంస్థల రెగ్యులర్ ఉద్యోగులు అనర్హులే, అయితే నాలుగవ తరగతి సిబ్బందికి ఇది వర్తించదు. నెలకు 10,000 రూపాయలు, అంతకు మించి పింఛను పొందేవారు, గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను చెల్లించినవారు, వృత్తి సంస్థలలో నమోదై వృత్తి చేస్తున్న వైద్యులు, ఇంజనీర్లు, న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు కూడా పథకానికి వెలుపలే.

ఈ జాబితాను చదివేటప్పుడు రెండు చోట్ల రైతులు పొరబడుతున్నారు. మొదటిది, కుమారుడు ప్రభుత్వ ఉద్యోగి అయితే తల్లిదండ్రులకు సాయం రాదన్న అపోహ. మేజరైన కుమారుడు తల్లిదండ్రుల కుటుంబంలో భాగం కాడు కాబట్టి అతని ఉద్యోగం పీఎం కిసాన్‌లో వారి అర్హతను తొలగించదు. రెండవది ఆదాయపు పన్నుకు సంబంధించినది. ట్రాక్టరు కొరకో, ఇంటి కొరకో రుణం తీసుకునేటప్పుడు ఏజెంటు సలహాపై కొందరు రైతులు రిటర్నులు దాఖలు చేస్తుంటారు. నిబంధన మాటల్లో చూస్తే అనర్హత పన్ను చెల్లించినవారికే గాని, పన్ను లేని రిటర్ను వేసినవారికి కాదు. అయినప్పటికీ పాన్, ఆధార్ అనుసంధానం ద్వారా కంప్యూటరు చేసే సరిచూపులో పేరు "ఆదాయపు పన్ను చెల్లింపుదారు"గా నమోదైతే, కాదని రుజువు చేసే భారం రైతు మీదనే పడుతుంది. ఆ సంవత్సరపు రిటర్ను పత్రం దగ్గర ఉంచుకోవడం అవసరం. రుణం కొరకు లేని ఆదాయం చూపించి రిటర్ను వేయడం వలన వచ్చే చిక్కులు రుణం తీరాక కూడా వెంటాడుతాయని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

తెరపై కనిపించే మాటలకు అర్థం

పీఎం కిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైటులో రైతుల విభాగంలో "నో యువర్ స్టేటస్" అనే మీట ఉంటుంది. అక్కడ రిజిస్ట్రేషన్ సంఖ్య, తెరపై కనిపించే అక్షరాలు నమోదు చేస్తే, నమోదైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. రిజిస్ట్రేషన్ సంఖ్య గుర్తులేనివారు అదే పేజీలోని మరొక మీట ద్వారా మొబైల్ సంఖ్యతో గాని, ఆధార్ సంఖ్యతో గాని దానిని తెలుసుకోవచ్చు. గ్రామం వారీగా లబ్ధిదారుల జాబితా కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. అయితే జాబితాలో పేరుండడం, సొమ్ము విడుదలవడం ఒకటి కావు.

స్థితి పేజీలో ముందుగా చూడవలసినవి మూడు అంశాలు: భూమి వివరాల అనుసంధానం, ఈకేవైసీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం. మూడింటి ఎదుట "ఎస్" అని ఉండాలి. ఏ ఒక్కదాని ఎదుట "నో" ఉన్నా విడత నిలిచిపోతుంది. ఈ మూడు "నో"లను సరిచేసే చోట్లు వేర్వేరు. భూమి వివరాలకు వ్యవసాయ, రెవెన్యూ శాఖల వద్దకు, ఆధార్ అనుసంధానానికి బ్యాంకుకు వెళ్ళాలి. ఈకేవైసీ మాత్రం రైతు స్వయంగా గాని, మీసేవ, సీఎస్‌సీ కేంద్రాలలో గాని పూర్తి చేసుకోవచ్చు.

ఈకేవైసీకి మూడు దారులున్నాయి. ఆధార్‌కు మొబైల్ అనుసంధానమై ఉంటే ఓటీపీతో చేయవచ్చు. లేనప్పుడు సీఎస్‌సీలో వేలిముద్ర ఇవ్వవచ్చు. ఏళ్ళ తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరిన చేతుల వేలిముద్రలను యంత్రం గుర్తించకపోవడం సర్వసాధారణం. ముఖ్యంగా వయసు మళ్ళిన మహిళా రైతులు రెండు మూడుసార్లు వేలు పెట్టి వెనుదిరగవలసి వస్తున్నది. వీరి కొరకే 2023 జూన్‌లో పీఎం కిసాన్ మొబైల్ యాప్‌లో ముఖం ద్వారా గుర్తించే సౌకర్యం వచ్చింది. ఓటీపీ గాని, వేలిముద్ర గాని దీనికి అవసరం లేదు. పైగా ఒక రైతు తన ఫోనులోని యాప్ ద్వారా మరో వంద మంది రైతులకు ఈకేవైసీ చేసిపెట్టే వీలున్నది. ఊరిలో చదువుకున్న ఒక యువకుడు ఒక సాయంత్రం కూర్చుంటే ఒక వీధి మొత్తం పని పూర్తవుతుంది. ఇంత ఉపయోగకరమైన సౌకర్యానికి గ్రామాలలో తగినంత ప్రచారం జరగలేదనే చెప్పాలి.

మూడూ సరిగా ఉన్నా సొమ్ము రానప్పుడు, విడతల వివరాల ఎదుట రాసి ఉన్న వాక్యాన్ని చదవాలి. రైతు వివరాలు మండలం, జిల్లా స్థాయిలలో సరిచూసిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం నిధుల బదిలీ అభ్యర్థనపై సంతకం చేస్తుంది. తెరపై "ఆర్ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్" అని కనిపిస్తే రాష్ట్రం తన పని పూర్తి చేసినట్లు. తరువాత కేంద్రం నిధుల బదిలీ ఉత్తర్వు జారీ చేస్తుంది. "ఎఫ్‌టీఓ ఈజ్ జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్" అని ఉంటే ఉత్తర్వు వెళ్ళినదనీ, బ్యాంకు నుండి జమ అయినట్లు సమాచారం ఇంకా రాలేదనీ అర్థం. ఈ రెండు స్థితులలో కొన్ని రోజులు వేచి ఉండడమే సరైనది. ఈ సమయంలో కంగారుపడి కొత్తగా మరొక నమోదు చేయించడం, ఖాతా మార్చమని దరఖాస్తు ఇవ్వడం వలన దస్త్రం మళ్ళీ మొదటికి వస్తుంది. "రాష్ట్రం ఆమోదం కొరకు పెండింగ్" అని ఉన్నప్పుడు మాత్రం ఢిల్లీకి ఫోను చేసి ప్రయోజనం లేదు. ఆ దస్త్రం మండలం లేదా జిల్లాలో ఎవరి లాగిన్‌లో ఉన్నదో వ్యవసాయ అధికారిని అడగాలి.

ఆధార్‌లోని పేరుకు, నమోదులోని పేరుకు పొసగకపోవడం తెలుగునాట ప్రత్యేకమైన చిక్కు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పాసుపుస్తకంలో అది ఒక పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో పేరు చివర ఉండడం మామూలే. "లక్ష్మి" అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగు విధాలుగా రాస్తారు. మనిషికి అవన్నీ ఒకటే, యంత్రానికి కావు. ఆధార్ ప్రకారం పేరు సవరించుకునే అవకాశం రైతుల విభాగంలోనే ఉన్నది.

నిలిచిపోయిన విడతలు శాశ్వతంగా పోయినట్లేనా అనే సందేహం చాలామందిలో ఉంటుంది. అనర్హత కాక వేరే కారణం వలన ఆగినట్లయితే, ఆ కారణం తొలగిన తరువాత బకాయి పొందే హక్కు ఉన్నది. అయితే నమోదు కాకముందు కాలానికి సాయం రాదు. రైతు పేరు ఏ నాలుగు నెలల కాలంలో నమోదవుతుందో అప్పటి నుండే విడతలు లెక్కకు వస్తాయి. అందువలన ఆలస్యంగా సవరించుకోవడం కంటే ఆలస్యంగా నమోదు చేసుకోవడంలోనే నష్టం ఎక్కువ.

ఏ ఖాతాలో పడింది?

పీఎం కిసాన్ సొమ్ము రైతు ఇచ్చిన ఖాతా సంఖ్యను చూసి కాక, ఆధార్ ఆధారంగా జమవుతుంది. ఒక ఆధార్ సంఖ్యను ఎన్ని ఖాతాలకైనా ఇవ్వవచ్చు గాని, జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో ఆ ఆధార్ ఎదుట ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది. రైతు చివరిసారి ఏ బ్యాంకులో అనుసంధానానికి సమ్మతి ఇచ్చాడో ఆ బ్యాంకే అక్కడ నిలుస్తుంది. సొసైటీ రుణం కొరకు సహకార బ్యాంకులో ఒక ఖాతా, ధాన్యం డబ్బు కొరకు మరొకటి, ఉపాధి హామీ కూలి కొరకు ఇంకొకటి తెరిచిన రైతుకు, ఏ ఖాతాలో సాయం పడుతుందో తానే చెప్పలేని పరిస్థితి ఏర్పడుతున్నది. పాత ఖాతా పుస్తకంలో ఎంట్రీ వేయించి "పడలేదు" అనుకుని వెనుదిరిగే సందర్భాలలో చాలావరకు సొమ్ము మరొక ఖాతాలో ఉంటుంది.

దీనిని తెలుసుకోవడం కష్టం కాదు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో ఓటీపీతో ప్రవేశించి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూస్తే, ప్రస్తుతం ఏ బ్యాంకు అనుసంధానమై ఉన్నదో, అది పనిచేస్తున్నదో లేదో కనిపిస్తుంది. మార్చుకోదలచినవారు తమకు కావలసిన బ్యాంకు శాఖకు వెళ్ళి సమ్మతి పత్రం ఇవ్వాలి. "ఖాతాకు ఆధార్ ఇచ్చాను" అనడం సరిపోదు, "ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాలోనే పడాలి" అని రాసి ఇవ్వాలి. ఈ రెండింటికీ ఉన్న తేడాను శాఖలోని సిబ్బంది కూడా ఎప్పుడూ వివరించరు.

తెలుగు రాష్ట్రాలలో బ్యాంకుల విలీనాలు మరొక కారణం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకుకు బదిలీ అయ్యాయి. 2025 మే 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. విలీనంతో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారినప్పుడు, ఖాతా సంఖ్య ఆధారంగా జరిగే చెల్లింపులలో పాత వివరాలు ఉన్న రైతు కొత్త పుస్తకం నకలును వ్యవసాయ విస్తరణ అధికారికి ఇవ్వడం మంచిది. రెండేళ్ళుగా లావాదేవీలు లేక స్తంభించిన ఖాతాలు, బ్యాంకు కేవైసీ గడువు ముగిసిన ఖాతాలు కూడా ఇదే కోవకు వస్తాయి.

రాష్ట్ర పథకాల స్థితి

అన్నదాత సుఖీభవ స్థితిని ఆ పథకం వెబ్‌సైటులో ఆధార్ సంఖ్యతో చూడవచ్చు. మన మిత్ర వాట్సాప్ సంఖ్య 9552300009 ద్వారా గాని, 155251కు ఫోను చేసి గాని తెలుసుకోవచ్చు. వెబ్‌ల్యాండ్‌లో ఆధార్ తప్పుగా నమోదు కావడం, ఒక సర్వే నంబరు ఇద్దరి పేరున కనిపించడం వంటివి ఇక్కడ తరచుగా ఎదురయ్యే అడ్డంకులు. వీటిని రైతు సేవా కేంద్రంలో ఫిర్యాదుగా నమోదు చేయించినా, సవరించే అధికారం రెవెన్యూ శాఖదే. కాబట్టి అడంగల్, 1బీ నకళ్ళు ముందే తీసి చూసుకుంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

తెలంగాణలో రైతు భరోసాకు పట్టాదారు పాసుపుస్తకమే ప్రాతిపదిక. సాగు యోగ్యం కాని గుట్టలు, లేఅవుట్లు, రోడ్లుగా మారిన భూములను 2025 జనవరిలో గ్రామాల వారీగా గుర్తించి తొలగించారు. కొందరికి ఎకరాల లెక్క తగ్గడానికి కారణం అదే. తక్కువ విస్తీర్ణం ఉన్నవారికి ముందు, ఎక్కువ ఉన్నవారికి తరువాత జమచేయడం రైతు బంధు నాటి నుండి వస్తున్న పద్ధతి. ఎకరం గల పొరుగువానికి మొదటి రోజున పడి, నాలుగెకరాల రైతుకు పడకపోతే దానిని లోపంగా భావించనక్కరలేదు. కొత్తగా పాసుపుస్తకం పొందినవారు ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్ళతో తమ క్లస్టర్ విస్తరణ అధికారిని కలిసి వివరాలు నమోదు చేయించుకోనిదే సొమ్ము దానంతట అది రాదు.

పట్టాదారు మరణించినప్పుడు

అన్ని చిక్కులలోకి కష్టమైనది ఇది. భర్త పేరున భూమి, భర్త పేరున నమోదు, భర్త ఖాతా. అతను మరణించిన తరువాత పొలం చేసేది భార్య. పెట్టుబడి అవసరం అదే, అప్పు అదే, సాయం మాత్రం ఆగిపోతుంది. కొన్ని ఇళ్ళలో ఆగకుండా మరణించినవారి ఖాతాలోనే పడుతూ ఉంటుంది. ఏటీఎం కార్డుతో తీసుకుంటూ ఉంటే సరిపోతుందని కొందరు భావిస్తారు. ఇది ప్రమాదకరం. మరణం నమోదైన తరువాత చెల్లించిన విడతలను తిరిగి రాబట్టే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. పైగా ఆ కాలమంతా వారసురాలు కొత్తగా నమోదు కానందువలన తన హక్కును తానే వాయిదా వేసుకున్నట్లు అవుతుంది.

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని ముందుగా ఫౌతీ మార్పిడికి దరఖాస్తు చేయాలి. దీనినే తెలంగాణలో విరాసత్ అని కూడా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం లేదా మీసేవ ద్వారా, తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుండి ధరణి స్థానంలో వచ్చిన భూ భారతి ద్వారా ఈ దరఖాస్తు చేయవచ్చు. పాసుపుస్తకం వారసుల పేరున మారిన తరువాత పీఎం కిసాన్‌లో వారి పేరున కొత్త నమోదు చేయించాలి. వారసత్వపు భూమికి 2019 ఫిబ్రవరి 1 గడువు అడ్డు రాదు. అన్నదమ్ముల మధ్య పంపకాల వివాదం ఉన్నచోట మార్పిడి ఏళ్ళ తరబడి ఆగుతున్నది. ఆ కాలమంతా సాయం ఎవరికీ చేరదు. అటువంటి కుటుంబాలు పూర్తి పంపకం కొరకు వేచి ఉండక, ముందు వారసులందరి పేర్లతో ఉమ్మడిగా మార్పిడి చేయించుకుంటే, అర్హత గల ప్రతి కుటుంబానికీ విడతలు మొదలయ్యే అవకాశం ఉంటుంది.

మోసాలు, ఫిర్యాదులు

విడత విడుదలయ్యే రోజులలో "మీ ఈకేవైసీ ముగిసింది, ఈ ఫైలు తెరవండి" అంటూ పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో నకిలీ యాప్ ఫైళ్ళు తిరుగుతుంటాయి. వాటిని ఫోనులో అమర్చుకుంటే బ్యాంకు సందేశాలు మోసగాళ్ళ చేతికి చిక్కుతాయి. ఆరు వేల కొరకు పంట డబ్బు మొత్తం పోగొట్టుకునే ప్రమాదం ఇది. యాప్‌ను అధికారిక యాప్ స్టోరు నుండి మాత్రమే తీసుకోవాలి. ఓటీపీని ఫోనులో ఎవరికీ చెప్పరాదు.

సందేహాలకు పీఎం కిసాన్ సహాయ కేంద్రం సంఖ్య 155261. కిసాన్ ఈ మిత్ర అనే ప్రశ్నోత్తర సేవ తెలుగులోనూ సమాధానమిస్తుంది. అయితే ఫిర్యాదు రాసేటప్పుడు "డబ్బులు రాలేదు" అని మాత్రమే రాస్తే అది కార్యాలయాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ సంఖ్య, ఎన్నవ విడత, తెరపై కనిపించిన వాక్యం యథాతథంగా, చూసిన తేదీ రాసి, ఆ పేజీ నకలును జతచేసి, రసీదు తీసుకోవాలి. పొరపాటున అనర్హులుగా ఉండి సొమ్ము పొందినవారు అదే వెబ్‌సైటులో స్వచ్ఛందంగా వదులుకునే, తిరిగి చెల్లించే వీలు కూడా ఉన్నది.

కౌలు రైతు

పైన చెప్పినదంతా భూమి పేరున ఉన్నవారి సంగతి. పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు స్థానం లేదు. రైతు బంధు కూడా పట్టాదారుకే ఇచ్చారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో వరి మడిలో దిగి పనిచేసేవారిలో కౌలుదారులే ఎక్కువగా కనిపిస్తారు. పెట్టుబడి పెట్టేదీ, పంట నష్టపోయేదీ వారే అయినా, స్థితి తెలుసుకోవడానికి వారికి రిజిస్ట్రేషన్ సంఖ్యే ఉండదు. పెట్టుబడి సాయం పేరుతో ఇచ్చే సొమ్ము పెట్టుబడి పెట్టని చేతికి చేరుతున్నదన్న విమర్శ ఈ పథకాల పుట్టుక నుండి ఉన్నది, అందులో నిజం లేకపోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కాలానికి ఇచ్చే కార్డు ఈ లోటును కొంత పూడ్చుతున్నది. ఈ కార్డు ఉన్న కౌలు రైతుకు రాష్ట్ర పథకంలో అవకాశం ఉంటుంది, పంట రుణానికి, పంట నష్ట పరిహారానికి కూడా ఇదే ఆధారం. అయితే కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. సంతకం చేస్తే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు వెనుకాడుతున్నారు. చట్టం ఇచ్చేది పంట మీద హక్కే గాని భూమి మీద కాదనీ, కార్డు గడువు 11 నెలలతో ముగుస్తుందనీ, యజమానికి వచ్చే పీఎం కిసాన్ విడతకు దీని వలన ఆటంకం కలగదనీ గ్రామసభలో వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది కలిసి చెప్పినచోట సంతకాలు దొరికే అవకాశం పెరుగుతుంది. కార్డు ప్రతి ఏటా కొత్తగా తీసుకోవలసినదే. ఖరీఫ్ నారుమళ్ళు పోసే నాటికే ఒప్పంద పత్రంతో గ్రామంలోని రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇచ్చి, ఈ పంట నమోదులో యజమాని పేరు పక్కన సాగుదారుగా తన పేరు చేరినదో లేదో రైతు సేవా కేంద్రంలో సరిచూసుకోవాలి.